పావురం నెత్తురు

పొద్దున్నే మా మేనమామ మిరప కల్లంలో నిలబడి, రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలీలను తిడుతున్నాడు. తిట్టు సగంలో ఆగింది. మూతి ఎడమవైపుకు లాగేసింది, కుడి చేతిలోని గోతం జారిపోయింది. ఏదో అన్నాడు గానీ మాట ముద్దగా వచ్చింది.

"పక్షవాతం. కారు గుంటూరు పోనీ" అన్నాను ఆయన కొడుకుతో, అంటే మా బావతో.

"ఆగరా. మార్టూరు దాటాక పావురం మందు వేసేవాడున్నాడు. మా పెదనాన్నకి తగ్గించింది వాడే."

"మీ పెదనాన్నకి దానంతటదే తగ్గింది. నెత్తురు గడ్డ అడ్డం పడింది తలకాయలో బావా, చేతిలో కాదు."

"అయ్యన్నీ మీ హేతువాదుల మీటింగుల్లో చెప్పుకో."

అత్తయ్య తేల్చేసింది. "ఆస్పత్రిలో సూది పొడిస్తే ఇంక పావురం మందు పనిచెయ్యదంట నాయనా. ముందు ఇది పడాల్సిందే."

కారు వాళ్లది, మనిషీ వాళ్లవాడే. నేను అరుస్తూనే వెనక సీట్లో కూర్చున్నాను.

అక్కడ మా ముందు ఇంకో ఇద్దరు పక్షవాతం వాళ్లున్నారు. మా వంతు వచ్చాక ఆ మందు వేసేవాడు బతికున్న పావురాన్ని కోసి, వెచ్చటి నెత్తురు మామ కుడి చేతికీ కాలికీ పూశాడు. రగ్గు కప్పి, అది ఎండేదాకా గాలి తగలకూడదన్నాడు. అందరం కూర్చున్నాం. మెడలోంచి పైకి పోయే నాలుగు రక్తనాళాలే మెదడుకు తిండి. రేపటికని అది ఏమీ దాచుకోదు. ఒక కొమ్మలో గడ్డ అడ్డుపడితే, దాని మీద బతికే భాగం నిమిషాల్లో చావడం మొదలెడుతుంది. ఎడమవైపు భాగం పోతే కుడి చెయ్యి పోతుంది, చాలామందికి మాట కూడా. నమ్మకాలను గౌరవించమని నాకు సుద్దులు చెప్పేవాళ్లు ఆ రగ్గు పక్కన కూర్చుని ఉండాల్సింది. పైన పావురం నెత్తురు ఎండుతోంది, లోపల నెత్తురందక మామ మాటలు చస్తున్నాయి.

మధ్యాహ్నం దాటినా కాలు కదలకపోయేసరికి వాళ్లకు భయం వేసింది. గుంటూరులో డాక్టరమ్మ రగ్గు తీసి గాయం కోసం వెతికింది.

"ఈ రక్తం ఎక్కడిది?"

"పావురందండి" అన్నాడు బావ.

ఆమె మామను స్కాన్‌కి పంపింది. స్కాన్ చూశాక చెప్పింది. "గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలండి. ఇంత ఆలస్యంగా ఇస్తే తలలో రక్తం కారే ప్రమాదమే ఎక్కువ."

మామ బతికాడు. అన్నీ అర్థమవుతాయి. నోట్లోంచి మాత్రం ఒక్క "ఆ" తప్ప రాదు. చూడవచ్చిన వాళ్లందరికీ అత్తయ్య ఆయన ముందే చెబుతుంది, పావురం పడబట్టి ప్రాణం దక్కిందని.

మొన్న పక్క ఊరి ఆమె మామ వాళ్ల వాకిట్లో ఆటో ఆపింది. లోపల ఆమె మొగుడు, మూతి ఒక పక్కకు పోయి ఉన్నాడు. పావురం మందు ఇచ్చేది ఎక్కడని అడిగింది.

"తిన్నగా గుంటూరు పో అమ్మా, ఇప్పుడే" అన్నాను.

ఆమె, మంచంలో ఉన్న మా మామ వైపు చూసింది. మామ ఎడమచేత్తో మంచం పట్టెను దబదబ బాదుతూ "ఆ, ఆ, ఆ" అని అరిచాడు. కళ్లలో నీళ్లు.

"చూశావా, ఆయనే పొమ్మంటున్నాడు" అంది అత్తయ్య.

ఆటో మార్టూరు దారి పట్టింది.