అమ్మ తుంటి ఎముక

మా నాయన ఆ రోజు అమ్మను కొట్టలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆయన చేతి సంగతి చంద్రగిరి పక్కన మా ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. కూరలో ఉప్పు ఎక్కువైతే కొట్టేవాడు, తక్కువైతే కొట్టేవాడు. మామిడి ధర పడిపోతే, మండీలో వ్యాపారిని ఏమీ అనలేక ఇంటికొచ్చి కొట్టేవాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అంటారు. మా ఇంట్లో ఆ దుత్త అమ్మే.

నా చిన్నప్పుడు ఒకసారి పార కామతో, అదే దాని కర్ర పిడితో, అమ్మ కుడి మోకాలి మీద కొట్టాడు. వాపు తగ్గింది గానీ కుంటు పోలేదు. వయసు పైబడేకొద్దీ ఆ మోకాలు కదిపితే కిరకిరలాడేది, కూర్చుంటే లేవలేకపోయేది. సంతలో ఒకాయన అమ్మే నొప్పుల పొడి వాడటం మొదలుపెట్టింది. పొట్లం వేసుకుంటే ఆ పూటకు నొప్పి మాయం. ఏళ్ల తరబడి వేసుకుంది. ముఖం ఉబ్బితే, ఒళ్లు చేసిందని ఊరి ఆడవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

పోయిన మామిడికాయల కాలంలో ఒక పొద్దున, నీళ్ల బిందె చంకనెత్తుకుని వాకిట్లో పక్కకు తిరిగింది. తుంటి దగ్గర టప్పుమంది. కూలిపోయింది. పశువుల దగ్గరున్న నాయనే పరిగెత్తుకొచ్చి లేపబోయాడు. అరుపు విని వచ్చిన పక్కింటివాళ్లకు కనిపించింది కింద పడిన అమ్మ, ఆమె మీదికి వంగిన నాయన. ఇంకేం, బంగారుపాళ్యంలో ఉండే అమ్మ తమ్ముడికి ఫోన్ పోయింది. మా మామ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లారీల నుంచి కాయలు దించే మనిషి.

నేనుండే చిత్తూరు నుంచి అమ్మను చేర్చిన తిరుపతి ఆసుపత్రికి చేరేసరికి మామ కూడా మోటారుసైకిల్ దిగుతున్నాడు. హెల్మెట్ చేత్తో పట్టుకునే నేరుగా అమ్మ మంచం దగ్గరికి వచ్చాడు.

"అక్కా, బావ కొట్టినాడా?"

అమ్మ నాయన వైపు చూసింది. నాయన ధైర్యంగానే నిలబడి ఉన్నాడు. అమ్మ అవునన్నట్టు తలూపింది.

మామ ఆయన చొక్కా పట్టుకుని వరండాలోకి ఈడ్చాడు. హెల్మెట్‌తో మొదటి దెబ్బ మూతి మీద వేశాడు. పెదవి చీలి రక్తం చొక్కా నిండా కారింది.

"నేను కొట్టలేదప్పా, దేవుని మీద ఒట్టు," అన్నాడు నాయన.

"ఈ దినంతో నీ కత ముగిసిపాయ," అని మామ మళ్లీ ఎత్తాడు. నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కింద పడ్డాక డొక్కలో తన్నాడు, మళ్లీ తన్నాడు. నాయన నోట మాట ఆగిపోయింది. వాచ్‌మన్లు వచ్చి లాగకపోతే చంపేసేవాడే. నేను గోడకు ఆనుకుని చూశాను. నాకు కడుపు చల్లబడింది.

తర్వాత ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ నన్నూ మామనూ లోపలికి పిలిచింది.

"ఈమె పడి ఎముక విరగలేదు. ఎముక విరిగి పడింది. లోపలంతా గుల్లబారిపోయింది. ఏం మందులు వాడుతున్నారు?"

పొట్లాల సంగతి చెప్పాను.

"అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలుపుతుంటారు. నొప్పిని అణిచిపెడుతుంది, ఎముకను తినేస్తుంది."

మామ కుర్చీలో ముందుకు జరిగాడు. "అంటే ఈ పొద్దు బావ కొట్టలేదా మేడమ్?"

ఆమెకు ఆ సంగతేమీ తెలియదు. ఇంకో ఎక్స్‌రే వెలుగుకు పెట్టింది. "కుడి మోకాలు మాత్రమే ఇంతగా ఎందుకు అరిగింది? పాత దెబ్బ ఏమైనా ఉందా?"

పార కామ సంగతి కూడా చెప్పాను. మామ తల వంచుకుని హెల్మెట్ మీది రక్తాన్ని తువ్వాలుతో తుడుస్తూ కూర్చున్నాడు.

అమ్మకు ఆపరేషన్ అయింది. నాయన, విరిగిన ఎముకలకు నాటు కట్టు కట్టే పుత్తూరు పోయి చేతికి కట్టు కట్టించుకుని వచ్చి, ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పెదవి ఇంకా వాచే ఉంది.

"నేను కొట్టలేదని నీకు తెలుసు గదా. ఒక్క మాట సెప్పింటే ఇడిసిపెట్టుండును నీ తమ్ముడు. నన్ను సంపేసింటే?"

అమ్మ గొంతు పెంచలేదు.

"నా కాలు ఇరగ్గొట్టింది నువ్వే. పార కామతో ఆ పొద్దు కొట్టినావే, అది ఇరిగేదానికి ఇన్నేండ్లు పట్టింది. నీ సెయ్యైతే బిన్నా, ఒక్క దెబ్బకే ఇరిగింది."