ఎక్కడా నష్టం జరగలేదు

ముప్పై ఏళ్లు నిండని ఆ రోజుల్లో నాకు కోపం చాలా సులువుగా వచ్చేది. బస్సు ఆలస్యమైతే కోపం, టీలో పంచదార తక్కువైతే కోపం, ఎదుటివాడు నెమ్మదిగా మాట్లాడితే మరీ కోపం. పత్రికాఫీసులో ఉద్యోగం కనుక దానికి ధర్మాగ్రహం అని పేరు పెట్టుకుని విశాఖపట్నం వీధుల్లో గౌరవంగానే తిరిగేవాణ్ణి. అలాంటి ఆగ్రహాలన్నిటిలోకీ పెద్దది, ఇప్పటికీ తలచుకుంటే చెవులు వేడెక్కేది, నా మొదటి కారు పుణ్యమా అని వచ్చింది.

కారంటే కొత్తది కాదు. మల్కాపురంలో ఒక రిఫైనరీ ఉద్యోగి పదేళ్లు నడిపి, తుడిచి తుడిచి తెల్లగా ఉంచుకున్న బండి. స్టీరింగు చేతికి కాస్త అలవాటు కాగానే ఒక ఆదివారం మధురవాడలోని నా అద్దె వాటా నుంచి తగరపువలస దాకా తోలుకెళ్లాను. అక్కడ పనేమీ లేదు. మా తగరపువలస విలేకరికి చూపించాలి, అంతే. ఆయన్ను అందరూ మేస్టారు అనేవారు (పగలంతా ట్యూషన్లు, సాయంత్రం వార్తలు). నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవారు. ఆయన రాసి పంపిన వార్తల్ని డెస్కులో కూర్చుని కత్తిరించడం నా ఉద్యోగం. మేస్టారు కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బాగుందని మెచ్చుకుని, లోపలికి తీసుకెళ్లి టీ ఇప్పించారు. గంట తర్వాత వచ్చి తాళం తిప్పితే బండి కనీసం దగ్గలేదు. లైట్లు ఆర్పకుండా దిగిన ఘనత నాదే. ఆదివారం మెకానిక్ దొరకలేదు. వీధిలోవాళ్లు నలుగురు వచ్చి కారును మేస్టారి ఇంటి పక్క ఖాళీ జాగాలోకి తోశారు. నేను బస్సెక్కి వచ్చేశాను.

మర్నాడు సాయంత్రం ఆఫీసులో ఊపిరాడనంత పని. ఎవరో పెద్దమనిషి నగర పర్యటన, పేజీ నిండా ఆయనే. మధ్యలో మేస్టారు ఫోన్ చేసి, ఫ్యాక్సులో వార్త పంపానని, దయచేసి ఆఖరి పేరా దాకా చదవమని అడిగారు. చదువుతానన్నాను. ఆయన ఇంకేదో చెప్పబోతుంటే, తర్వాత మాట్లాడదామని పెట్టేశాను.

ఆ తర్వాతి రోజు పొద్దున్నే ఆయనే మళ్లీ ఫోన్ చేశారు. తగరపువలసలో నిన్న మధ్యాహ్నం వడగళ్లు పడ్డాయి, మీ కారు ఒకసారి వచ్చి చూసుకోండి, అని. వెళ్లి చూశాను. కప్పు ఇడ్లీరేకులా గుంటలు పడి ఉంది, బానెట్టు మీద చెయ్యి వేస్తే ఎక్కడా సాపుగా తగల్లేదు, ముందు అద్దం ఒక మూల నుంచి ఇంకో మూలకు చీలింది. బీమా ఉంది కనుక ధైర్యంగా దరఖాస్తు పెట్టి, బండిని మధురవాడ షెడ్డులో పెట్టించి, సర్వేయరు కోసం ఎదురుచూశాను. డబ్బంతా బండి కొనడానికే అయిపోయింది. బీమావాళ్లు కాదంటే ఆ కారు ఆ షెడ్డులోనే తుప్పు పట్టాల్సిందే.

సర్వేయరు సన్నగా, మర్యాదగా ఉన్నాడు. కృష్ణా జిల్లా మనిషిట, ప్రతి ప్రశ్నకూ ముందు 'ఏమనుకోకండి' అనేవాడు. ఏమనుకోకండి, బండి కొబ్బరిచెట్టు కింద పెట్టారా? ఏమనుకోకండి, పక్కన పిల్లలు క్రికెట్ ఆడతారా? నాకు మండిపోయింది. ఇన్ని సొట్టలు పడేదాకా రాలడానికి అదేం చెట్టని అడిగాను. సామాన్యుడి మీద సంస్థలకు ఉండే అపనమ్మకం గురించి, షెడ్డులోవాళ్లు పని ఆపి వినేంత గట్టిగా, ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. అతను ఓపిగ్గా విని, ఆ రోజు అక్కడ వడగళ్లు పడ్డట్టు ఏదైనా ఆధారం ఉందా అన్నాడు. పత్రికలో వచ్చే ఉంటుంది, రేపే తెచ్చి మీ మొహాన పెడతానన్నాను.

"అక్కర్లేదండీ, నేను తెచ్చాను" అని సంచిలోంచి ఒక కత్తిరింపు తీశాడు. మా పేపరే. ఐదో పేజీ, అడుగున. "తగరపువలస పరిసరాల్లో సోమవారం మధ్యాహ్నం ఓ మోస్తరు జల్లులు కురిశాయి. ఎక్కడా నష్టం జరగలేదు."

"ఏమనుకోకండి, మీ పేపరు తప్పు రాసిందంటారా?"

తప్పంటే ఉద్యోగానికి మంచిది కాదు, ఒప్పంటే కారు పోతుంది. ఆ రెండు వాక్యాలూ రాసింది నేనేనని అప్పుడే గుర్తొచ్చింది. జాగా లేక, ఆఖరి పేరా దాకా చదవకుండానే కుదించాను. రెండో వాక్యం ఎవరూ చెప్పింది కాదు. వాన వార్తను ఆ మాటతో ముగించడం మా డెస్కు అలవాటు. అలా లేకపోతే వార్త పూర్తయినట్టు మాకు అనిపించేది కాదు.

ఇంత జరిగినా నా కోపం తగ్గలేదు, దిశ మార్చుకుందంతే. అంత పెద్ద వార్తను గట్టిగా రాయాల్సింది కాదా అని నిలదీయడానికి ఆ మధ్యాహ్నమే మేస్టారి ఇంటికి వెళ్లాను. ఆయన గూట్లోంచి లావుపాటి ఫైలు తీసి అరుగు మీదికి తెచ్చారు. అచ్చుకాని ఆయన వార్తలన్నీ అందులో తేదీల వారీగా ఉన్నాయి. పైనున్న కాగితం చదివాను. నిమ్మకాయలంత వడగళ్లు, రాలిపోయిన మామిడి పిందెలు, వీధివీధంతా పగిలిన సిమెంటు రేకులు. ఆఖరి పేరాలో, 'నగరం నుంచి వచ్చి ఇక్కడ నిలిపిన ఒక పాత్రికేయుని కారు కూడా బాగా దెబ్బతిన్నది.'

"నాను రాసీసినాను బాబూ. మీరే కోసీసినారు" అన్నారు మేస్టారు. "మీ కారొక్కటే కాదు. సాయానికి రేకులు పోయినోళ్ల పేర్లు రాయమని ఎల్తే, మండలాఫీసులో మీ పేపరు ముక్కే సూపిత్తన్నారు. నష్టం లేదని ఉంది కదా, ఏటి రాయమంటారు అంతన్నారు."

ఆ మాటకు పక్కింటి గుమ్మంలో చేపల బుట్ట కడుగుతున్న ఆవిడ తలెత్తింది. భీమిలి రేవు నుంచి చేపలు తెచ్చి సంతలో అమ్ముకునే మనిషి.

"నష్టం లేదని రాసింది ఈ బాబేనా మేస్టారూ? ఓపాలి మా లోనికొచ్చి మీదికి సూడు బాబూ. నీకేటైనా కనిపిత్తాదేమో."

వెళ్లాను, వెళ్లక తప్పలేదు. పొయ్యి మీద, మంచం మీద, నా చొక్కా మీద గుండ్రటి ఎండ మచ్చలు పడ్డాయి. ఆవిడ మళ్లీ గుమ్మంలో కూర్చుని బుట్ట కడుక్కోసాగింది. తిట్టి ఉంటే బాగుండేది.

మా పేపరు సవరణలు వేసుకోదు. ఆ సంగతి డెస్కులో మా పెద్దాయన నాకు మూడుసార్లు చెప్పారు, నాలుగోసారి నేను వినలేదు. చివరకు మేస్టారు కొత్తగా రాసిన వార్త, ఆ ఇంటి పైకప్పు ఫోటోతో సహా, మొదటి పేజీలోకి వెళ్లింది. అందులో ఒక్క అక్షరం నేను ముట్టుకోలేదు. కారు పేరా ఈసారి ఆయనే రాయలేదు. వారంలోగా పేర్లు రాసుకోవడానికి మండలాఫీసువాళ్లు ఆ వీధికి వచ్చారు. సర్వేయరు ఆ ఫోటో చూసి, ఏమనుకోకండి అంటూనే నా దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. నా కారు కప్పు మళ్లీ నున్నగా అయింది.

ఆ బండి పోయి చాలా కాలమైంది, కోపాలు కూడా చాలావరకు పోయాయి. అప్పుడప్పుడు ఆ రోజు గుర్తొస్తే నవ్వొస్తుంది. పొద్దున్నే బస్సు దిగి, రేకులు పగిలిన పది ఇళ్ల ముందు నుంచి గబగబా నడిచివెళ్లి, తన కారు చుట్టూ మూడుసార్లు తిరిగి సొట్టలు లెక్కపెట్టుకున్న ఆ కుర్రాడు కళ్ల ముందు నిలుస్తాడు. లోకంలో జరుగుతున్న అన్యాయం మీద ఎంత ఆగ్రహమో వాడికి. పాపం, వాడి చూపు మాత్రం కారు కప్పుకు మించి పైకి లేవలేదు.