గూనలు దించి రేకులేసిన ఏడు

మా ఇంటి మీదికి రేకులు ఎక్కింది మా ఆయనను ఇంటి మీది నుంచి దించడానికి. ఈ మాట ముందే చెప్తున్న. ఇల్లు పాతబడ్డదని కాదు, పక్కోళ్లు వేసుకున్నరని కాదు. మాది గూనపెంకుల ఇల్లు, టేకులపల్లి అవతల అడవి అంచున ఉంటది. కోతులు గుంపుగ దిగుతయి. గూన లేపి కింద పురుగున్నదా అని చూస్తయి, చూసి పక్కకు పారేస్తయి. కోతి పోంగనే మా ఆయన నిచ్చెన వేస్తడు. నేను వద్దంట. ఆయన ఎక్కుతడు. మా ముసలితనం ఇట్లనే గడుస్తున్నది.

గూన అంటే తెల్వని పిల్లలు ఇప్పుడు ఉన్నరు కాబట్టి చెప్త. కుమ్మరోళ్లు చేసే మట్టి పెంకు అది, దోసిలి పట్టినట్టు నడుమ వంగి ఉంటది. ఒక వరుస వెల్లకిల, దాని మీద ఒక వరుస బోర్ల. మేకు లేదు, సిమెంటు లేదు, ఒకదాని బరువుకు ఒకటి నిలబడ్తది. అందుకే ఏటేటా వానలు దిగే మిరుగు కార్తె ముందల అన్నీ తీసి, దులిపి, పగిలినయి మార్చి, మళ్ల పేర్చాలె. ఊర్ల ఒకప్పుడు ఈ పనికి కూలోళ్లు దొరికేటోళ్లు. మా ఆయన ఎవర్నీ ఎక్కనియ్యలే. "వాని కాలు బరువు. ఒకటి మార్చి రెండు పగలగొడ్తడు" అనేటోడు. ఆయన పైన, నేను కింద. ఆయన చెయ్యి చాపితే నేను గూన అందియ్యాలె. పెండ్లయిన కాడి నుంచి ఇదే లెక్క. ఇద్దరం నిమ్మళంగ మాట్లాడుకున్నది కూడ ఆ పనిలనే ఎక్కువ. "తేళ్లుంటయ్, చూసి పట్టుకో" అనేటోడు. "నీ కంటె పెద్ద తేలు ఉంటదా" అనేదాన్ని.

పోయిన ఎండకాలం ఆయన కాలు జారింది. నేను కింద గూన పట్టుకొని నిలబడి ఉన్న. పైన గలగలమని చప్పుడైంది, గూనలు జారుకుంట వచ్చి నా ముందల పడ్డయి, వాటెనక ఆయన రెండు కాళ్లు చూరు బయటికి వచ్చి ఆగినయి. చేతికి వాసం దొరికింది కాబట్టి బతికిండు. నిచ్చెన జరిపి, ఆయన పాదాలు ఒక్కొక్కటి పట్టుకొని మెట్టు మీద పెట్టిన. దిగినంక ఆయన అన్న మొదటి మాట, "గూన జారింది, నేను కాదు." రెండో మాట, "పోరనికి చెప్పకు."

పొద్దుగూకక ముందే ఫోన్ చేసి చెప్పిన.

మా కొడుకు బొగ్గుబాయిల పని చేస్తడు, కాపురం ఇల్లందుల. సెలవు దినం చూసుకొని వచ్చిండు. వచ్చి తండ్రి ముందల మంచం మీద కూసున్నడు.

"నాయినా, రేకులు వేద్దాం. ఇంక నువ్వు ఎక్కే పనుండది."

"రేకుల కింద కోళ్లు పంటయిరా, మనుషులు పండరు."

"ఊర్ల సగం మంది రేకుల కిందనే పంటున్నరు గదనే."

"అందుకే పొద్దుగాల లేస్తనే కోళ్ల లెక్క కొట్లాడుకుంటున్నరు."

పోరడు నవ్విండు. నవ్వి, బుజ్జగించినట్టు అన్నడు. "ఇటుక రంగుయి తెస్త. దూరంకెళ్లి చూస్తే గూనలే అనుకుంటరు."

"రంగేస్తే రేకు గూనైతదా? నీ నెత్తికి నువ్వు రంగేస్తలేవా, వయసేమన్న తగ్గిందా?"

ఇట్ల ఒదిలేస్తే ఇద్దరు ముచ్చట్లల్ల పడి అసలు సంగతి మరుస్తరు. నేను ముందలికొచ్చి చెప్పిన. "నువ్వు పడి నడుం విరిగితే నిన్ను లేపి కూసోబెట్టాల్సింది నేను. నా మోకాళ్లకు అది చేతకాదు. రేకులు వేసుడే." మా ఆయన నన్ను చూసిండు, నిచ్చెనను చూసిండు. "వాసాలు మాత్రం ముట్టద్దు" అన్నడు. అంటే ఒప్పుకున్నట్టే.

రేకులు బిగించే మేస్త్రి ఇద్దరు మనుషులను పెట్టుకొని వచ్చిండు. గూనలు దించుతుంటే దుమ్ముతోటి ఇల్లు కనపడలేదు. దించిన గూనలను మా ఆయన ఎవర్నీ ముట్టనియ్యలే. ఇంటెనక గోడకు ఆనించి, ఒకదాని ఒడిలో ఒకటి పెట్టి, తానే వరుసలు పేర్చిండు. ఇల్లంత పైన ఎర్రగున్న గూనలు, వెనక వసారామీదియి మాత్రం లోపలి దిక్కు తారు పూసినట్టు నల్లగున్నయి. ఆ వసారాలనే నా పొయ్యి. నాకు అక్షరాలొచ్చింది కూడ ఆ పొయ్యి ముందలనే, మనుమరాలు పాత పలక నా చేతిల పెట్టి కూసుంటే, కూర ఉడికేలోపల దిద్దేదాన్ని. గుణింతం కాడ చాన కూరలు మాడినయి.

మేస్త్రి వసారా కాడికొచ్చి పైకి చూసి అడిగిండు. "పెద్దమ్మా, కట్టెల పొయ్యి ఉన్నది. గొట్టమేమన్న పెట్టాల్నా పొగకు?"

"మా ఇంట్ల పొగ ఎన్నడు ఇబ్బంది పెట్టలే. అదే పోతది."

"ఎటు పోతది?"

"ఎటో పోతది, నీకెందుకు? నువ్వు సందు లేకుండ బిగియ్యి. ఉడతలు, పాములు దూరొద్దు."

మా ఆయన కూడ పక్కనే ఉన్నడు. "అవ్, వేసేదుంటే మంచిగ వెయ్యి" అన్నడు. మేస్త్రి మంచిగనే వేసిండు. వాసాల మీద ఇనుప పైపులు, పైపుల మీద రేకులు, కొప్పు మీద వంపు రేకు. గోడకు, రేకుకు నడుమ ఉన్న సందంత సిమెంటు పెట్టి మూసిండు. చీమకు కూడ తొవ్వ లేకుండ అయింది. నేను చుట్టు తిరిగి చూసి మెచ్చుకున్న.

తెల్లారి పొయ్యి అంటుపెట్టిన. బియ్యం కడిగి వచ్చేసరికి పొయ్యి కనపడతలేదు. పొగ పైకి పోయి రేకుకు తగిలి, మళ్ల కిందికి దిగి, గోడల వెంట తిరిగి మనుషుల మొఖాల కాడ ఆగింది. నేను దగ్గుకుంట బయటికొచ్చిన. నా వెనక తలుపుల నుంచి, కిటికీల నుంచి పొగ. పక్కింట్ల ఉండే నా తోడికోడలు బిందె పట్టుకొని ఉరికొచ్చింది.

"అయ్యో అక్కా, ఇల్లంటుకున్నదా?"

"ఇల్లంటుకోలే. అన్నం వండుతున్న."

దాని నవ్వు ఊరంత విన్నది. మా ఆయన వేపచెట్టు కింద మొఖం కడుక్కుంటున్నడు. ఎక్కిరిస్తడనుకున్న. ఎక్కిరించలే. "గూనల సందులల్లకెళ్లి పోయేది పొగ. నేను కూడ అనుకోలేదే" అన్నడు. ఇన్నేండ్లు ఆ గూనలను చేతులతోటి తీసి పెట్టినోడు, ఆయనకు తట్టలే. కింద పొగల కూసొని వండినదాన్ని, నాకు తట్టలే. మేస్త్రి అడిగిండు, వానికి నేను చెప్పనియ్యలే.

కొడుకు ఫోన్ల గ్యాసు మీద వండుమన్నడు. గ్యాసు ఉన్నది, చాయకు వాడుత. అన్నం, కూర, నీళ్లు కట్టెల మీదనే. పొయ్యి పైన వాసానికి మక్క కంకులు వేలాడదీస్త, ఎండిన సొరబుర్రలల్ల సొర, చిక్కుడు ఇత్తనాలు పెడ్త. పొగ తగిలితేనే వాటికి పురుగు పట్టది. గ్యాసు మంటకు పొగుండదు, ఇత్తనం ఎట్ల నిలుస్తది? ఇంటి ముందల ఆకిట్ల మూడు రాళ్లు పెట్టి వండుడు మొదలుపెట్టిన. ఒకనాడు కోతి వచ్చి గంజి వార్చిన గిన్నె మూత ఎత్తుకపోయింది.

మొదటి వాన పడ్డది. రేకుల మీద వాన అంటే ఇద్దరు మనుషులు పక్కపక్కన కూసున్నా మాట వినపడది. మా ఆయన పైకి చూసి ఏందో అన్నడు. వినపడలే. వాన ఎలిసినంక "ఏమన్నవ్?" అని అడిగిన. "ఏం లేదు. కారుతలేదు అన్న." గంతే, రేకులను ఆయన మెచ్చుకున్నది ఆ ఒక్క మాటనే.

కాని మనిషి మనిషిలెక్క లేడు. మబ్బు పట్టంగనే లేచి చూరు కాడికి పోతడు, పైకి చూస్తడు, వచ్చి కూసుంటడు. ఇంటెనక గూనల వరుస కాడ నిలబడ్తడు. అన్నం పెడితే సగం ఒదిలిపెడ్తడు. నేను పట్టించుకోలే. కింద ఉన్నడు గదా, అది చాలనుకున్న.

ఒక పొద్దు ఆకిట్ల కూర తిప్పుకుంట ఊకెనే తల ఎత్తిన. తోడికోడలి ఇంటి కొప్పు మీద మా ఆయన కూసొని ఉన్నడు. వాళ్లది ఇంక గూనల ఇల్లే, మా ఇంటి కంటె ఎత్తు. చేతిల గూన, కాళ్ల కింద పాత వెదురు బద్దలు. గరిటె పట్టుకొనే ఉరికిన. అరిస్తే ఉలిక్కిపడి జారుతడేమో అని అరవలే. కింద నిచ్చెన పట్టుకొని నిలబడ్డ. పక్కన తోడికోడలు గులుగుతున్నది.

"బావనే వచ్చి అడిగిండక్కా. మీ కొప్పు కాడ గూన పక్కకు పోయింది, సర్దిపోత అన్నడు. నేనొద్దంటే ఊకుంటడా?"

"నిచ్చెన ఎవరు ఇచ్చిండ్రే?"

అది కొంగు సర్దుకుంట ఇంట్లకు పోయింది.

ఆయన పని ముగిసేదాక దిగలే. దిగినంక అడిగిన. "ఎక్కద్దని చెప్పిన్నా లేదా?"

"మనింటి మీద ఎక్కద్దన్నవ్. ఊరోళ్ల ఇండ్ల మీద ఎక్కద్దనలే."

మొఖం చూస్తే తేటగ ఉన్నది. ఆ పొద్దు అన్నం మారడిగి తిన్నడు. ఆయన తింటుంటే చూసి నాకు భయమైంది. రేకులు వేసి ఇంటి మీది నుంచి దించితే, ఊరందరి ఇండ్ల మీదికి తోలినట్టయింది. ఊర్ల ఇంక గూనలిండ్లు బాగనే ఉన్నయి. ఎన్ని నిచ్చెనల కాడ నిలబడాలె నేను?

ఆకిట్ల గిన్నెలు తోముకుంట ఆలోచించిన. వసారా చూరు ఎంత ఎత్తుందో లేచి పోయి చూసిన. కిందినుంచి నా చెయ్యి అందుతది. పొయ్యి ఆ చూరు మూలకే ఉన్నది. ఇంక ఆగలే, మేస్త్రికి ఫోన్ చేయించిన.

మేస్త్రి వచ్చి విని నెత్తి పట్టుకున్నడు. "పెద్దమ్మా, కొత్త రేకు కోసి పాత గూనలు పెట్టమంటవా? నా పని చూసినోళ్లు నవ్వుతరు. కారుతది కూడ."

"కారితే పొయ్యి మీద కారుతది, నీ మీద కాదు. పై రేకు కొస గూనల మీదికి రానియ్యి, నీళ్లు వాటి మీదికెళ్లి జారిపోతయి. కింద ఇనుప తీగల జాలి కొట్టు, కోతి లోపలికి దూరకుండ."

గొణుక్కుంటనే కోసిండు. పొయ్యికి సరిగ్గ పైన, చూరు దాక, మంచమంత జాగ తెరిచిండు. జాలి కొట్టి, వెదురు బద్దలు కట్టి, గూనల కోసం చెయ్యి చాపిండు. నేను మేస్త్రిని పక్కకు పొమ్మన్న. బియ్యం చెరిగేటప్పుడు కూసునే మోకాలెత్తు పీట తెచ్చి చూరు కింద వేసిన. మా ఆయనను పిలిచిన.

"ఇదుగో నీ ఇల్లు. ఈ పీట మీద నిలబడితే అందినంతే నీది. దీని కంటె ఎత్తు ఎక్కితివా, ఎవరింటిమీదనైనా సరే, నీకు అన్నం వండ."

ఆయన పీటను చూసిండు, పైకి చూసిండు. "పిల్లగాని ఆట లెక్క ఉన్నది" అన్నడు. అనుకుంటనే కండువ నడుముకు చుట్టిండు. ఇంటెనకకు పోయి ఆ నల్ల గూనలనే ఏరి తెచ్చిండు. పీట ఎక్కి చెయ్యి చాపిండు. నేను అందిచ్చిన. కింద వరుస వెల్లకిల, మీది వరుస బోర్ల. ఒకటి పెట్టి, తట్టి, చప్పుడు విని, నచ్చకపోతే తిరిగి ఇచ్చేటోడు. మేస్త్రి గోడకానుకొని బీడీ తాగుకుంట చూసిండు.

ఆ పొద్దే వసారాల పొయ్యి వెలిగించిన. పొగ పైకి లేసి, గూనల కింద జరసేపు ఆగి, సందులల్లకెళ్లి బయటికి పోయింది. అంత పోదు, కొంత ఇంట్ల తిరుగుతది. ఎప్పుడు తిరిగేదే అది. మక్క కంకులు మళ్ల వాసానికి కట్టిన. తోడికోడలి ఇంటికి పోయి, ఇంకోసారి ఆయనకు నిచ్చెన ఇస్తే నీ పొయ్యి ముందల వచ్చి కూసుంట, నాకూ వండి పెట్టాల్సి వస్తది అని చెప్పొచ్చిన. అది నిచ్చెనను గొడ్ల కొట్టంల పెట్టి తాళమేసుకున్నది.

కోతులు ఇప్పుడు కూడ వస్తయి. రేకులు కాలుతయి, జారుతయి, వాటికి నచ్చవు. ఇంటి మీదంత తిరిగి చివరికి ఆ గూనల కాడికే వచ్చి కూసుంటయి. ఒకటి లేపి పారేస్తయి. మునుపు కోతులను చూస్తే నేను కట్టె పట్టుకొని ఉరికేదాన్ని. ఇప్పుడు ఉరుకుతలేను.

ఇయ్యాల పొద్దుగాల గూన పడ్డ చప్పుడైంది. మా ఆయన చాయ గ్లాసు పక్కకు పెట్టిండు.

"ఏమే, పీట ఏడ పెట్టినవ్?"

"నీ కాళ్ల కాడనే ఉన్నది, చూడు."

పీట ఎక్కిండు, చెయ్యి చాపిండు. ఆయన మడమలు నా మోకాలంత ఎత్తున ఉన్నయి. గూన అందిచ్చి, పొయ్యి మీద అన్నం పొంగుతుంటే లోపలికి పోయిన.