ప్రిన్స్ పలక మీద నాలుగో లక్ష్యం

పోలీసు అశ్వదళంలో రైడింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా పదవీ విరమణ చేసిన ఏడాదే, కడియం నర్సరీల మధ్య కొత్తగా పెట్టిన ఒక గుర్రపు స్వారీ స్కూల్లో చేరాను. జూన్ మొదటి వారం. ఆర్డరులో నా హోదా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్. చీఫ్ అన్నారు కదా అని నా కింద ఎవరైనా ఉన్నారేమోనని రెండు రోజులు వెతికాను. ఎవరూ లేరు.

యజమాని సూర్యారావు గారు నర్సరీ రైతు. పందేల నుంచి రిటైరైన ఒక ఎర్ర గుర్రాన్ని మోజుపడి కొన్నారు. పేరు ప్రిన్స్. పళ్ళు పరీక్షిస్తే పద్నాలుగేళ్ళు దాటినట్టు తేలింది. అంటే అదీ నాలాంటి పెన్షనరే.

"దసరాకల్లా కొత్తవాళ్ళని ఎక్కించుకునేలా చెయ్యండి మాస్టారూ. అవ్వకపోతే పెళ్ళి ఊరేగింపులకి తిప్పేవాళ్ళు అడుగుతున్నారండి, ఇచ్చేద్దాం" అన్నారాయన. ఆకు రాలినా ఉలిక్కిపడే గుర్రం అది. దాన్ని బ్యాండుమేళం, టపాకాయల మధ్య నిలబెట్టడమంటే నరకంలో పడేయడమే. ఒళ్ళు మండింది గాని, పైకి సరేనండి అన్నాను.

నాకొక పద్ధతి ఉంది. ప్రతి గుర్రానికీ శాల తలుపు మీద ఒక పలక తగిలించి, మూడే లక్ష్యాలు రాస్తాను. వరసగా మూడు రోజులు చేసి చూపిస్తేనే టిక్కు. ప్రిన్స్ పలక మీద మొదటిది, మనిషి ఎక్కేటప్పుడు కదలకుండా నిలబడటం. పందేల్లో గుర్రం నడుస్తుండగానే జాకీని పైకెక్కిస్తారు కాబట్టి దానికి నిలబడే అలవాటే లేదు. రెండోది, ఎడమవైపు తిరగడం. అది పరిగెత్తిన ట్రాకులో అన్నీ కుడి మలుపులే. మూడోది, ఆగమంటే ఆగడం.

ఈ మూడోదే అసలు చిక్కు. మామూలు గుర్రం పగ్గం లాగితే ఆగుతుంది. పందెపు గుర్రం ఆ లాగుడుని ఆసరా చేసుకుని ఇంకా జోరందుకుంటుంది. దాన్ని ఆపాలంటే పగ్గం వదులు చేసి, వెన్ను నిటారుగా పెట్టి, నిదానంగా ఊపిరి వదలాలి. ఈ సంగతి నేను పెద్ద పెద్ద ఆఫీసర్ల బుర్రకెక్కించలేక ఓడిపోయాను.

మా స్కూలుకి మొదటి విద్యార్థిని రూతమ్మ గారు. లూథరన్ సంఘస్థురాలు, హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పటి నుంచీ గుర్రమెక్కాలని కోరికట. డాక్టరు సర్టిఫికెట్ అడిగేలోపే తీసి చేతిలో పెట్టారు. గుర్రం మొండిదండీ అని హెచ్చరిస్తే, "ముప్ఫయ్యేళ్ళు ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పానండి. ఇంతకంటే మొండివాళ్ళని చూశాను" అన్నారు. నేను చెప్పే ప్రతి ముక్కా నోట్సు రాసుకునేవారు. నలభై దాటాక నేనెప్పుడూ అంత జాగ్రత్తగా మాట్లాడలేదు.

ప్రిన్స్‌వి ముసలి కాళ్ళు కదా, రోజూ ముందు ఇరవై నిమిషాలు కాలువ గట్టున నడక. ఆ తర్వాతే జీను. ఆగస్టుకి మొదటి టిక్కు పడింది. ఎడమవైపు తిరగడానికి ఇంకో నెల పట్టింది. ఎడమకు పొమ్మంటే మూడుసార్లు కుడికి తిరిగి చివరికి అక్కడికే చేరేది. మా డిపార్ట్‌మెంట్లో ఫైళ్ళు నడిచినట్టే నడిచేది. ఎప్పటికో నేరుగా ఎడమకు తిరిగింది. ఆ పూట నేనూ రూతమ్మ గారూ శాల ముందు చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టుకున్నాం.

దసరాకి వారం ముందు సూర్యారావు గారు పరీక్ష చూడటానికి వచ్చారు. ప్రిన్స్ కదలకుండా నిలబడింది. రూతమ్మ గారు ఎక్కారు. ఆ క్షణాన, మొక్కలు ఎక్కిస్తున్న లారీ వెనక డోరు ధడాలున పడింది. పందేల్లో స్టార్టింగ్ గేటు తెరుచుకునే చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. ఎదురుగా బంతి, మందార మొక్కల వరసల మధ్య తిన్నని దారి. పెన్షనరు గారికి పాత ఉద్యోగం గుర్తొచ్చింది. ఒక్క ఉదుటున దౌడు.

మొక్కలు మోసేవాళ్ళు బుట్టలు వదిలేసి పక్కకి గెంతారు. నేను వెనకాల పరిగెడుతూ గొంతు చించుకుని అరిచాను. "లాగండి రూతమ్మ గారూ, పగ్గం గట్టిగా లాగండి!"

ఆవిడ లాగలేదు. పగ్గం వదిలారు. వీపు నిటారుగా అయింది. బంతి వరస దాటేసరికి దౌడు కాస్తా పరుగైంది, మందార దగ్గర నడకైంది, గులాబీ కుండీల ముందు ప్రిన్స్ ఆగిపోయింది. ఆ తర్వాత నేరుగా ఎడమకు తిరిగి, పెళ్ళికొడుకులా తాపీగా మా దగ్గరికొచ్చింది. నాకు పట్టరాని నవ్వొచ్చింది.

ఎందుకు లాగలేదండీ అని అడిగాను. "జూన్‌లో మీరు చెప్పింది నోట్సులో ఉందండి. ఇప్పుడు మీరు అరిచింది దానికి వ్యతిరేకంగా ఉంది. నోట్సే నమ్మాను" అన్నారు రూతమ్మ గారు. ముప్ఫయ్యారేళ్ళ సర్వీసు ఉన్నవాణ్ణి, ఆ నోట్సు అడిగి తీసుకుని చదువుకున్నాను.

సూర్యారావు గారు గుర్రం మెడ నిమిరి, "ఊరేగింపుల వాళ్ళకి లేదని చెప్పేస్తానండి. ఆ లారీని రేపట్నుంచి అవతల గేటు దగ్గర పెట్టిద్దాం" అన్నారు. మూడు రోజుల నియమం నేను సడలించలేదు. మూడో టిక్కు సరిగ్గా దసరా ముందు రోజు పెట్టాను.

మర్నాడు చూస్తే పలక మీద నాలుగో లక్ష్యం ఉంది. రూతమ్మ గారి గుండ్రటి దస్తూరి. "మాస్టారు అరవకుండా ఉండటం. వరసగా మూడు రోజులు."

శిక్షణ లక్ష్యాలు గుర్రానికీ రౌతుకీ రాస్తే చాలదని, నేర్పేవాడికీ ఒకటి రాయాలని ఆ పలక నేర్పింది. ఆ స్కూల్లో ఇంకో నాలుగేళ్ళు పనిచేశాను. నాలుగోదాని పక్కన టిక్కు పడలేదు. ఒకసారి రెండు రోజుల దాకా మాత్రం వచ్చాను.