రేటు స్టిక్కర్ కింద

మీ ఇంట్లో సువాసనకు కొట్టే ఫారిన్ స్ప్రే డబ్బా మీద ఏం రాసుందో ఎప్పుడైనా చదివారా?

ఈ ఉదయం మందిరంలో నేను ధూపం గురించి వాక్యం చెబుతుండగా ముందు వరుసలో మరియమ్మత్త కూలబడింది. “వాసన బానే ఉందయ్యా, ఊపిరే అందట్లేదు” అంది.

వాక్యానికి ముందు మందిరమంతా కొట్టిన ఫారిన్ స్ప్రే కానుకిచ్చింది కొట్టు యోహాను గారు. రేటు స్టిక్కర్ గీకితే కింద ఇంగ్లీషులో ఉంది: ఆవిరయ్యే రసాయనాలు హద్దు మించాయి, తయారైన దేశంలో అమ్మరాదు, ఎగుమతికి మాత్రమే.

“ఆ హెచ్చరిక మీదే స్టిక్కర్ అంటించారేంటండీ?” అని ఆయన్ని అడిగాను.

“అక్కడే చోటుందండి. అయినా ఘాటు లేకపోతే ఫారిన్‌దని ఎవరు నమ్ముతారండీ?”

రోజూ గొంతు చించుకునే నాకు కోపం కూడా రాలేదు. అత్త ఇంకా ఆసుపత్రిలో ఆక్సిజన్ మీదే ఉంది. గ్రంథం తిప్పుతున్నాను, ఏ వాక్యమూ తట్టడం లేదు. మీకు తడితే చెప్పండి. ముందు లేవండి, కిటికీలు తెరవండి, ఇప్పుడే ఆ స్టిక్కర్ గీకి చదవండి.