గొట్టంలో జీడి జిగురు

నా చిన్నప్పుడు పలాసలో మా వీధి పొయ్యిలన్నీ జీడి తొక్కల మీదే మండేవి. బట్టీల్లో పప్పు తీయగా మిగిలిన తొక్క గోనెసంచుల్లో ఊరికే ఇంటికొచ్చేది. మంట భగ్గున లేచేది, అన్నం చిటికెలో ఉడికేది. పొగ మాత్రం, అబ్బబ్బ, గొంతు పట్టేసేది! ఆ పొగకే మా నాన్నమ్మకు దగ్గు పట్టుకుంది, ముద్ద మింగనివ్వని దగ్గు. ఇంకా ఆ పొగలోనే ఉంటే మనిషి దక్కదని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

మా చిన్నాన్నను చేసుకుని టెక్కలి నుంచి వచ్చిన పిన్నికి పొగలేని పొయ్యి కట్టడం వచ్చు. మట్టితో పొయ్యి కట్టి, పొగ బయటికి పోయేలా కప్పు మీదికి గొట్టం పెట్టేది. అందులో కట్టెలే వాడాలి, జీడి తొక్క వేస్తే దాని జిగురు గొట్టానికి పట్టేస్తుందని వీధిలో అందరికీ చెప్పింది. ముందు మీ అత్తకు కట్టి చూపించు, బాగుంటే మేమూ కట్టించుకుంటాం అన్నారు వాళ్లు.

పొయ్యి బాగానే నడిచింది. నాన్నమ్మ దగ్గు తగ్గింది కూడా. కానీ ఊరికే వచ్చే తొక్కను వదులుకోవడం మా నాన్నమ్మ వల్ల అయ్యే పనా? పిన్ని అటు తిరగగానే గుప్పెడు తొక్క పొయ్యిలో పడేది. నేను చూశాను. "సెప్పకే, బెల్లంముక్క ఎడతాను" అని నా నోరు కట్టేసింది.

ఒక ఉదయం గొట్టం పూడుకుపోయి పొగంతా ఇంట్లోకే తన్నింది. నాన్నమ్మ దగ్గుతూ అరుగు మీద కూలబడింది. వీధి వీధంతా మా గుమ్మం ముందు చేరింది.

"ఏటే కోడలా, పొగలేని పొయ్యన్నావు, పొగబండి తెచ్చి ఇంట్లో ఎట్టినావేటి?" అని పక్కింటి అమ్మమ్మ అనగానే అందరూ ఒకటే నవ్వు. ఇక పిన్ని పొయ్యి ఎవరూ కట్టించుకోరని నాకే అర్థమైపోయింది.

పిన్ని గొట్టం దింపింది. లోపలంతా నల్లటి జిగురు. వాసన చూసి, నాన్నమ్మ వైపు చూసింది. నాన్నమ్మ తల దించుకుంది. కోడలు నలుగురిలో తన పరువు తీసేస్తుందనే అనుకుని ఉంటుంది. ఉండబట్టలేక నేను నోరు తెరవబోతే, పిన్ని నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"తప్పు నాదేనమ్మా. గొట్టం సరిగ్గా కట్టనేదు. మళ్లీ కడతాను" అంది.

నాకెంత కోపం వచ్చిందో! అంతలో నాన్నమ్మ లేచింది.

"ఆగండర్రా! అదెందుకు పడాల మాట? తొక్కేసింది నాను. వద్దని అది మొత్తుకున్నా ఇన్నేదు. మీరెవలూ ఎయ్యకండి."

పిన్ని చేతిలోంచి గొట్టం లాక్కుని, ఆ జిగురు ఒక్కొక్కరికీ చూపించింది. పిన్ని చెబితే వినని వీధి ఆవిడ మాట వింది. అందరూ పొయ్యిలు కట్టించుకున్నారు. నాన్నమ్మే ఇంటింటికీ వెళ్లి పొయ్యిలోకి తొంగి చూసేది, తొక్క కనబడితే తిట్లే తిట్లు.

ఇప్పుడు విశాఖలో మా అపార్టుమెంటులో తడి చెత్త, పొడి చెత్త వేరుచేయమని తిరిగేదాన్ని నేనే. ఎవరైనా తప్పు బుట్టలో పడేస్తే నలుగురిలో కడిగేయాలని నా నోరు దురదపెడుతుంది. అప్పుడు నా చేతిని పిన్ని నొక్కినట్టే ఉంటుంది. "నేనే సరిగ్గా చెప్పలేదండీ" అంటాను.