సెకండ్ లాంగ్వేజ్

మూడేళ్ల క్రితం మే నెల పదకొండో తారీఖు, గురువారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు మెట్‌పల్లిలో మా ఇంటి గేటు చప్పుడైంది. గడియారం చూడటం నాకు అలవాటు. ముప్పై నాలుగేళ్లు మిషన్ బడిలో లెక్కలు చెప్పినదాన్ని. గంట కొట్టే వేళకు పాఠం ముగించిన వాళ్లకు ఆ అలవాటు పోదు.

వచ్చినవాడు కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ తరఫు మనిషి. పదో తరగతి ఫలితాలు రాగానే ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించుకుపోతారు, వాళ్లను పీఆర్వో అంటారు. ఫలితాలు వచ్చి ఒక్క రోజే అయింది. మా మనవరాలి పేరు, మార్కులు, ఇంటి దారి అన్నీ అతనికి అప్పుడే తెలుసు.

"పేరు నిలబెట్టింది అన్నా మీ బిడ్డ," అన్నాడు నా కొడుకుతో, కుర్చీ తనే లాక్కుని కూర్చుంటూ.

"పదికి పది రాలే సార్. తొమ్మిది పాయింట్ ఎనిమిది," అన్నాడు నా కొడుకు, తానే పరీక్ష తప్పినట్టు.

"యాడ పోయినయ్ ఆ రెండు?"

"తెలుగుల."

అతను తొడమీద చరుచుకుని నవ్వాడు. "నేననుకున్న! తెలుగు ఎవ్వరినీ బతకనియ్యదన్నా."

లెక్క సరిగానే ఉంది. ఆరు సబ్జెక్టుల్లో ఐదింటికి పదికి పది, తెలుగుకు తొమ్మిది. యాభై తొమ్మిదిని ఆరుతో భాగిస్తే తొమ్మిది పాయింట్ ఎనిమిది మూడు. పిల్లకు ప్రాణమైన సబ్జెక్టే ఆమె పాయింట్లు కోసింది.

ఎందుకు కోసిందో కూడా నాకు తెలుసు. మాది మెథడిస్టు సంఘం. ఆదివారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన ఉంటుంది. ఒక పాట, ఒక అధ్యాయం, తర్వాత అందరూ వంతుల వారీగా సొంత మాటల్లో ప్రార్థన చేయాలి. పెద్దవాళ్లం మేం పుస్తకాల భాషలోకి పోతాం, 'కృపాసత్యసంపూర్ణుడవైన తండ్రీ' అని మొదలుపెడతాం. నా మనవరాలు ఏడేళ్ల నాటి నుంచి దేవుడితో ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేది. ఒక ఏడు వాన వెనకపట్టు పట్టింది. నా కొడుకుకు మూడెకరాల పసుపు ఉంది. ఆ ఆదివారం పిల్ల కళ్లు మూసుకుని ఇలా అంది:

"ప్రభువా, మొగులైతే రోజూ చూపిస్తున్నవ్. చూపిచ్చుడేనా, ఇచ్చుడు లేదా? మా బాపు పసుపు పెట్టిండు. జర మా ఫికర్ గూడ చెయ్యి. ఆమేన్."

ఆరోజు సంఘం అయ్యగారు కూడా మా ఇంట్లోనే ఉన్నారు. కళ్లు మూసుకునే నవ్వు ఆపుకోలేకపోయారు. "దేవునితోని గట్ల కొట్లాడుతరా బిడ్డా?" అని అడిగారు తర్వాత.

"కొట్లాడలే అయ్యగారూ. అడిగిన," అంది.

మొగులు అంటే మా వైపు మబ్బు. ఆ మాట పిల్లకు ఇష్టం. నేను పుట్టింది ఆదిలాబాద్ వైపు. మరాఠీ కలిసిన నా చిన్ననాటి మాటలు కూడా ఒక్కొక్కటే అడిగి తీసుకునేది. "బాపమ్మా, మీ కాడ దీన్నేమంటరు?" అని గిన్నెను చూపించేది, గడపను చూపించేది. తొమ్మిదో తరగతిలో వ్యాసంలో మొగులు అని రాస్తే పంతులు ఎర్ర సిరాతో గీత కొట్టి పైన 'మేఘము' అని రాశాడు. కాగితం పట్టుకొచ్చి నా ముందు పెట్టింది.

"మొగులు తప్పా బాపమ్మా?"

"తప్పు కాదు బిడ్డా. గా సారుకు మార్కులెయ్య రాదు," అన్నాను.

ఆ తర్వాత కూడా ఆమె మొగులు అనే రాసింది. పదో తరగతి పరీక్షలో కూడా రాసే ఉంటుంది. ఆ పేపరు మేం చూడలేదు గనుక నిశ్చయంగా చెప్పను.

మళ్లీ ఆ గురువారానికి వస్తాను. పీఆర్వో టీ తాగుతూ ఎంపీసీయా, బైపీసీయా అని అడిగాడు. మూడో గ్రూపు ఒకటి లోకంలో లేనట్టు అడిగాడు. పిల్ల తలుపు పక్కన నిలబడి ఉంది.

"నేను హెచ్ఈసీ తీస్కుంట బాపూ. తెలుగు టీచర్‌నైత," అంది.

హెచ్ఈసీ అంటే చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం. నా కోడలు వంటింట్లోంచే అందుకుంది. "తొమ్మిదెన్మిది తెచ్చుకొని హెచ్ఈసీనా! పదల ఫెయిలైనోళ్లు తీస్కుంటరే గది. సంఘంల మొకం ఎట్ల చూపియ్యాలె?"

నా కొడుకు కోప్పడలేదు. వాడు కోప్పడే మనిషి కాదు. వాడి తండ్రి, అంటే నా భర్త, గుండెనొప్పితో కరీంనగర్ ఆస్పత్రికి పోతూ జగిత్యాల దాటాక దారిలోనే పోయాడు. బండిలో తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఈ కొడుకే. అప్పటి నుంచి వాడికి ఒకటే మాట, ఇంట్లో ఒక డాక్టరు ఉండాలి. ఆ మాటను కాదనడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు రాదు. పిల్లకూ రాలేదు. బేరం పెట్టింది.

"సరే, బైపీసీ తీస్కుంట. డాక్టర్ చదువే చదువుత. కానీ సెకండ్ లాంగ్వేజ్ మాత్రం తెలుగే ఉంచుండ్రి. గదొక్కటి."

ఇంటర్లో ఇంగ్లీషు కాక ఇంకో భాష ఒకటి చదవాలి. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, హిందీ, ఏదైనా సరే. ప్రైవేటు కాలేజీల్లో అందరికీ సంస్కృతమే. కారణం పీఆర్వో చెప్పాడు. "సంస్కృతం స్కోరింగ్ బిడ్డా. కండ్లు మూసుకొని రాస్తే తొంభై తొమ్మిది. తెలుగుల ఎంత గుద్దుకున్నా ఎనభై దాటవు. ఇగ నీ ఇష్టం."

"నీట్ పరీక్షల గీ మార్కులు లెక్కకు వస్తయా?" అని అడిగాను.

అతను నా వైపు అప్పుడే చూశాడు. "గట్ల కాదమ్మా. టోటల్ పెరుగుతది కదా."

"టోటల్ ఎవరు అడుగుతరు?"

"అందరు అడుగుతరు," అన్నాడు. ఎవరని చెప్పలేదు.

నా కొడుకు బిడ్డ వైపు చూసి, "సరే తియ్యి. తెలుగే ఉంచుదం," అన్నాడు. పీఆర్వో తల ఊపి ఫారం నింపాడు. పిల్ల ముఖం తేటపడింది. ఆ సాయంత్రం ఆదివారం కాకపోయినా నా పక్కన కూర్చుని ప్రార్థన చేసింది. "ప్రభువా, సగం గెలిచిన. సగం నీకిచ్చిన. లెక్క సరిపాయె," అంది. లెక్కల టీచర్‌ను గనుక నన్ను ఆటపట్టించడానికి అలా అంది.

జూన్ మొదటి వారంలో నేనూ, నా కొడుకూ హాస్టల్లో దింపడానికి పోయాం. పెట్టె, పరుపు, బకెట్, పచ్చడి సీసా. కాలేజీ అంటే నాలుగంతస్తుల ఇల్లు, ఆవరణ లేదు. కింద గదిలో పుస్తకాలు ఇస్తున్నారు. పిల్ల చేతిలో ఆరు పుస్తకాలు పెట్టారు. ఒక్కొక్కటి తిప్పి చూసింది. నాలుగోది సంస్కృతం.

"నాది తెలుగు మేడమ్," అంది.

పుస్తకాలిచ్చే ఆమె తలెత్తకుండానే అంది, "తెలుగు సెక్షనే లేదమ్మా ఈడ. ఎవ్వరికీ లేదు. జరుగు, ఎనుక లైన్ ఉంది."

పిల్ల తండ్రి వైపు తిరిగింది. "బాపూ, చెప్పినవ్ గదా."

"చెప్పిన బిడ్డా. ఈడ లేదంటున్నరు మరి. నేనేం జేయాలె?"

ఆ రోజు పీఆర్వో నింపిన ఫారంలో చూస్తే సెకండ్ లాంగ్వేజ్ దగ్గర సంస్కృతం అని ముందే అచ్చు వేసి ఉంది. నింపడానికి అక్కడ ఖాళీయే లేదు. నేను ఆఫీసు గదిలోకి పోయి అడిగాను. అక్కడి కుర్రాడు మర్యాదగానే చెప్పాడు, ఒక్క పిల్లకోసం తెలుగు మాస్టర్‌ను పెట్టలేమని. నా కొడుకును పక్కకు పిలిచి, "వాపసు తీస్కపోదం పా. మన ఊర్ల సర్కారు కాలేజీల తెలుగుంది," అన్నాను. వాడు బకెట్ పక్కకు జరుపుతూ, "ఆడ చదివితె డాక్టర్లు కారు అవ్వా," అన్నాడు.

పిల్ల ఏడవలేదు. పెట్టె తనే ఎత్తుకుని మెట్లెక్కింది. వాపసు వచ్చేప్పుడు బస్సులో నా కొడుకు కిటికీ పక్కన కూర్చున్నాడు. ధర్మపురి దారి చీలే చోట ఒక్క మాటన్నాడు, "మొగులైంది." నిజమే, మబ్బు పట్టింది. వాడు ఆ మాట బిడ్డను తలచుకునే అన్నాడేమో, నేను అడగలేదు.

క్రిస్మస్‌కు ఒక్క రోజు సెలవిచ్చారు. పిల్ల వచ్చింది. చిక్కింది, కానీ అదే నవ్వు. తెలిసినది ఏదైనా చెప్పమంటే సంస్కృతంలో ఒక జవాబు గడగడా చెప్పింది, ఊపిరి తీసుకోకుండా.

"దానర్థమేంది బిడ్డా?"

"అర్థం అడగరు బాపమ్మా. గిన్ని ప్రశ్నలని ఇస్తరు, గవ్వే వస్తయ్. తెలుగు అక్షరాలల్ల రాసినా మార్కులేస్తరు."

సంస్కృతం మీద నాకు కోపం లేదు. మంచి భాష అని చదివినవాళ్లు చెబుతారు. నా మనవరాలు దాన్ని చదవలేదు, మోసింది.

ఆ సాయంత్రం ఇంటి ప్రార్థన. పాట అయింది, అధ్యాయం అయింది, వంతులు మొదలయ్యాయి. నేను, నా కొడుకు, కోడలు. తర్వాత పిల్ల వంతు. మేం కళ్లు మూసుకుని ఎదురుచూశాం. నా కొడుకైతే ముందే చిరునవ్వు సిద్ధం చేసుకున్నాడు, నాకు తెలుసు, నేను కొంచెం కళ్లు తెరిచి చూశాను. పిల్ల పరలోక ప్రార్థన అందుకుంది. అందరికీ కంఠతా వచ్చేదే. మొదటి నుంచి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా, సంస్కృతం జవాబు చెప్పిన వేగంతోనే చెప్పి, ఆమేన్ అంది. మా కోడలు, "అలిసింది పాపం," అంది.

రెండేళ్లలో ఆమె ఇంటికి వచ్చిన ప్రతిసారీ అదే ప్రార్థన. అడిగితే, "ఏమన్నాల్నో యాదికొస్తలేదు బాపమ్మా," అనేది.

ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మొదటి ఏడు సంస్కృతంలో తొంభై తొమ్మిది, రెండో ఏడు తొంభై ఎనిమిది. పీఆర్వో అబద్ధం చెప్పలేదు. మొత్తం వెయ్యికి తొమ్మిది వందల అరవై రెండు. బస్టాండు ఎదురుగా కాలేజీ వాళ్లు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద చాలామంది పిల్లల బొమ్మలున్నాయి. మా పిల్లది కింది వరుసలో, తపాలా బిళ్లంత. టోటల్ ఎవరు అడుగుతారన్న నా ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది. వాన కాలంలో ఆ ఫ్లెక్సీ ఊడితే ఎవరో తీసుకుపోయి మక్కజొన్నల కుప్ప మీద కప్పారు.

నీట్‌లో సీటు రాలేదు. ర్యాంకు చూసి పట్టణంలో తెలిసినవాళ్లందరూ లాంగ్ టర్మ్ పెట్టమన్నారు, అంటే ఇంకో ఏడాది అదే హాస్టల్, అదే చదువు. పిల్ల, "వద్దు బాపూ," అంది, అంతే. నా కొడుకు బలవంతం చేయలేదు. ఆ రోజు చేనుకు పోయి చీకటి పడ్డాక వచ్చాడు.

తర్వాత కరీంనగర్‌లో డిగ్రీలో చేర్చడానికి ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టాలన్నారు. పిల్లతో నేనే నెట్ సెంటర్‌కు పోయాను. నాకు ఒక ఆశ ఉంది, ఎవరికీ చెప్పలేదు. డిగ్రీలోనూ సెకండ్ లాంగ్వేజ్ ఉంటుంది. ఈసారి ఫారంలో ఖాళీ ఉంటుంది. కంప్యూటర్ దగ్గర కూర్చున్నామె ఒక్కొక్కటే అడుగుతూ కొడుతోంది. పేరు, హాల్ టికెట్ నంబర్, గ్రూపు.

"సెకండ్ లాంగ్వేజ్ ఏం పెట్టాలె చెల్లె?"

నేను తెలుగు అనబోయాను. నోరు తెరిచాను కూడా. పిల్ల నాకంటే ముందే చెప్పింది.

"సంస్కృతం."

"బిడ్డా," అన్నాను, "ఈడ తెలుగుంది."

"ఉంది బాపమ్మా. ఉండనియ్యి." నా చేతి మీద చెయ్యి వేసింది, నేనే చిన్నపిల్లనైనట్టు. "తెలుగుల సొంతంగ రాయాలె. నాకిప్పుడు రాదు."

కంప్యూటర్ దగ్గరామె అదే కొట్టింది. ముద్రించిన కాగితం ఇచ్చింది. బయటికి వస్తే ఆకాశం నల్లగా ఉంది. పిల్ల తలెత్తి చూసి, "క్లౌడీగుంది, జల్దీ పోదం పా," అంది.

ఇప్పుడు డిగ్రీ మొదటి ఏడు ముగియవస్తోంది. బాగానే చదువుతోంది, వారం వారం ఇంటికి వస్తుంది, నాకు కళ్లలో మందు వేస్తుంది. ఎవరి మీదా కోపం పెట్టుకోలేదు. నా కొడుకు మాత్రం ఆదివారం ప్రార్థనలో బిడ్డ వంతు వచ్చేసరికి ఏదో పని ఉన్నట్టు లేచి పెరట్లోకి పోతున్నాడు.

లెక్క ఇది. డాక్టర్ సీటు మా చేతికి రాలేదు గనుక పోయినవాటిలో వేయను. సంస్కృతంలో వచ్చినవి నూట తొంభై ఏడు మార్కులు, నీట్‌లో అవి ఒక్కటీ లెక్కకు రాలేదు. పోయినవి: తెలుగు పరీక్షలు రెండు, రాయకుండానే. తండ్రి ఇచ్చిన మాట ఒకటి. ఒక తెలుగు టీచరు. ఇంటి ప్రార్థనలో నాలుగు వంతుల్లో ఒకటి. మొగులు అనే మాట.